దిగిరాని గొడుగు

నేలకు చేరేసరికే దేవదానం చనిపోయి ఉన్నాడు.

పారాచూట్‌లో ఏ లోపమూ లేదు. విమానంలోంచి దూకగానే అది చక్కగా తెరుచుకుంది. పసిపిల్లాణ్ణి దించినంత మెత్తగా ఆయన్ని ఆనేకల్ అవతల ఒక బంతిపూల తోటలో దించింది. తోట యజమాని పెద్దమునియప్ప పరుగెత్తుకెళ్లి చూస్తే, మనిషి మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"సొమ్మసిల్లి ఉండాడేమో అనుకొంటినప్పా," అన్నాడు పెద్దమునియప్ప పోలీసులతో. "భుజం తట్టితే పలకలే. రొమ్ము మీద ఒక్క చుక్క రక్తం ఉండాది, అంతే."

ఆ చుక్క దగ్గరే, ఛాతీ పట్టీ లోపలి కుట్టులో, వెంట్రుకంత సన్నని సూది దొరికింది. పారాచూట్ తెరుచుకున్నప్పుడు పట్టీ ఒక్కసారిగా బిగుసుకుంటుంది. బిగుసుకోగానే సూది దిగింది. తర్వాతి పని విషం చూసుకుంది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఒక అద్దాల భవనం. ఆరో అంతస్తులో ఒక పేరోల్ కంపెనీ బోర్డు. ఆ తలుపు వెనక ఉన్నది గూఢచారి విభాగమని లిఫ్ట్ ఆపరేటర్‌కి కూడా తెలియదు.

చీఫ్ రాజగోపాల్ కిటికీ తెరలు మూసి, ఎదురుగా కూర్చున్న సమీనాను చూశాడు. ఆదోని పిల్ల. పిట్టంత మనిషి. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కన్నా బాగా పారాచూట్‌తో దూకేవాళ్లు లేరు. ఆమెకు ఆ విద్య నేర్పిన గురువు దేవదానమే. ఆ తర్వాత ఆయన శిక్షణ ఉద్యోగం మానేసి పరిశోధనలోకి వెళ్లిపోయాడు.

"ఏడవాలని ఉంటే ఏడువు సమీనా. బ్రీఫింగ్ తర్వాత."

"బ్రీఫింగే చెప్పండి సార్."

"ప్రాజెక్ట్ చకోరం. బరువైన సరుకు పెట్టెని ఆకాశంలో వదిలితే, పెద్ద పారాచూట్ కింద దానంతటదే దారి చూసుకుని చెప్పిన చోట దిగుతుంది. వరదల్లో చిక్కుకున్నవాళ్లకి బియ్యం, కొండల మీది జవాన్లకి మందులు. దేవదానం డిజైన్. ఆదివారం ఆనేకల్ దగ్గర ఎయిర్‌స్ట్రిప్‌లో విదేశీ అతిథుల ముందు ట్రయల్."

"అడ్డుపడేదెవరు?"

"ఆర్బిట్. విదేశీ ఆయుధ దళారుల ముఠా. ఇలాంటి సరుకే వాళ్లూ అమ్ముకుంటున్నారు. మనది బయటికొస్తే వాళ్ల దుకాణం బంద్."

"ముఠాలో మనవాళ్లున్నారా?"

"అర్పిత. స్కైడైవింగ్ ఛాంపియన్. తమ మనిషని ఆర్బిట్ అనుకుంటోంది, నిజానికి మన ఏజెంట్. ట్రయల్‌ని గాల్లో వీడియో తీసేది ఆమే. నువ్వు రెండో కెమెరా. పేరు హేమలత, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వీకెండ్ జంపర్. 'మీ వైపు వానలున్నాయా' అంటుంది. 'మబ్బులే, చినుకు లేదు' అనాలి."

చివర్లో రాజగోపాల్ ఒక రికార్డింగ్ వినిపించాడు. చనిపోయిన రోజు పొద్దున దేవదానం చేసిన ఫోన్ కాల్. వెనక విమానం మోత.

"ఒక్కటే అర్థం కావట్లేదు సార్. పెద్ద గొడుగు ఎందుకు? దూకి వచ్చాక మాట్లాడతాను."

సమీనా మళ్లీ వినిపించమంది. మాటల కోసం కాదు, ఆ గొంతు కోసం.

ఆదివారం పొద్దున హ్యాంగర్‌లో టీ గ్లాసులు తిరుగుతున్నాయి. జంపర్ల నోట పారాచూట్ అంటే గొడుగే. చేయి తిరిగినవాళ్లు దుప్పటంత గొడుగు వాడతారు. అది రివ్వున దింపేస్తుంది. కొత్తవాళ్లకి, ఇద్దరు కలిసి దూకేవాళ్లకి మాత్రం పందిరంత గొడుగు.

"లాస్ట్ ఇయర్ ఒకసారి ఆ పెద్దది ట్రై చేశా," అంటున్నాడు గిరిధర్ అనే ఐటీ కుర్రాడు. "ఫ్రెండ్స్ అందరూ ల్యాండై, దోసె తినేసి, కాఫీ కూడా కొట్టేశారు. నేనింకా పైనే! ముందుకి పోదామంటే గాలి వెనక్కి తోస్తోంది. లాస్ట్‌కి ఎవరిదో ద్రాక్షతోటలో పడ్డా. ఓనర్ తిడతాడనుకున్నా. పాపం, ఒక గుత్తి కోసిచ్చి బస్టాప్ చూపించాడు."

అందరూ నవ్వారు. సమీనా కూడా నవ్వింది. మొదటిసారి దూకినప్పుడు తన పరిస్థితీ అదే. కింద దేవదానం మైకు పట్టుకుని అరుస్తున్నాడు. "సమీనా! ఆ గాలితో కాపురం పెట్టావా ఏంటి? గొడుగు ముందువైపు పట్టీ పట్టుకుని వేలాడు! బరువు లేనివాళ్లకి అదొక్కటే దారి!"

"మీ వైపు వానలున్నాయా?"

సమీనా తిరిగి చూసింది. ఎర్రటి జంప్‌సూట్, భుజాల మీద వదిలేసిన జుట్టు, సినిమా పోస్టర్ మీది నవ్వు. అర్పిత.

"మబ్బులే, చినుకు లేదు."

"సంతోషం. పైన నాకు దగ్గరగా రావద్దు. ఫ్రేమ్‌లో అడ్డుపడతారు." అంతే చెప్పి వెళ్లిపోయింది.

వెళ్తుంటే సమీనా ఆమె వీపు చూసింది. దాని మీద ఉన్నది ఛాంపియన్లు మోసే చిన్న సంచి కాదు, పరుపుచుట్టంత బరువైన మూట. నడుముకి సీసపు బెల్టు కూడా ఉంది.

పెద్ద గొడుగు ఎందుకు?

సమీనా గొడుగులు చూసుకునే స్టాన్లీ దగ్గరికి నడిచింది. "అర్పితగారు తీసుకున్న సైజే నాకూ కావాలి."

"ఇంకొకటి ఉండాది మేడం. కానీ ఇద్దరు దూకేదది. మీ బరువుకి అది కట్టుకొంటే సాయంత్రం దాకా దిగేలేరు."

"పర్లేదు."

ఎందుకు తీసుకుంటోందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఛాతీ పట్టీ కుట్టంతా వేలితో తడిమి చూసుకుని, మూటని భుజాలకెక్కించుకుంది.

విమానం తోక తలుపు తెరుచుకుంది. ఆటో అంత పెట్టె చప్పుడు చేస్తూ జారిపోయింది. దాని మీద కల్యాణమండపం కప్పంత పారాచూట్ విచ్చుకుంది. వెంటనే అర్పిత దూకింది. ఆమె వెనకే సమీనా.

పెద్ద గొడుగు ఆవలించినట్టు నింపాదిగా తెరుచుకుంది. మోత ఆగిపోయింది. కింద ఎర్రమట్టి, పాలీహౌస్‌ల తెల్లటి వరసలు, ఉత్తరాన ఎలక్ట్రానిక్ సిటీ అద్దాల మెరుపు. పెట్టె ఎయిర్‌స్ట్రిప్ వైపు తిరిగింది. అంతా సవ్యంగానే ఉందనిపించింది.

అంతలో అర్పిత చేయి రొమ్ము మీది చిన్న డబ్బా దగ్గరికి వెళ్లింది. పెట్టె ఉత్తరానికి మళ్లింది.

ఇయర్‌పీస్‌లో రాజగోపాల్ గొంతు. "సమీనా, పెట్టె కంట్రోల్ రూమ్ మాట వినడంలేదు. హ్యాంగర్ వెనక బియ్యం బస్తాలు దొరికాయి. పెట్టెలోంచి తీసేసినవి."

"మరి లోపల ఏముంది?"

"తెలీదు. బరువు మాత్రం తగ్గలేదు."

సమీనాకు చిక్కుముడి ఒక్కసారిగా విడిపోయింది. అర్పిత రొమ్ము మీది డబ్బా రిమోట్. అది దూరం నుంచి పనిచేయదు. చివరిదాకా పెట్టె పక్కనే గాల్లో ఉండాలి. చిన్న గొడుగైతే ఆమె ఈపాటికి నేల మీద ఉండేది. దేవదానం అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఆ ప్రశ్న ఆయన అర్పితనే అడిగి ఉంటాడు.

"సార్, అర్పిత మన మనిషి కాదు."

"పెట్టె ఎటు పోతోంది?"

"ఎలక్ట్రానిక్ సిటీ. రంగురంగుల షామియానాలు కనిపిస్తున్నాయి."

"ఓ కంపెనీ ఫ్యామిలీ డే. వేలమంది ఉన్నారు, పిల్లలతో సహా. మన పెట్టె మన జనం మీదే పేలితే, ఇక ప్రపంచంలో ఎవరూ దాన్ని ముట్టుకోరు."

"ఖాళీ చేయించండి!"

"మొదలుపెట్టాం. ఉన్నవి రెండు గేట్లు. గాల్లో పేల్చేద్దామంటే కింద అన్నీ ఇళ్లే. నువ్వు తప్ప దిక్కులేదమ్మా."

సమీనా కిందికి చూసింది. అర్పిత, పెట్టె పక్కపక్కనే దిగిపోతున్నాయి. పెద్ద గొడుగు తేలిపోకుండా ఆ సీసపు బెల్టు అందుకే. తను మాత్రం దిగడం లేదు. ఎండకు కాగిన నేల నుంచి లేచిన వేడిగాలి ఆ పందిరిని పైకెత్తుతోంది. చేతికున్న ఎత్తు మీటర్‌లో అంకె తగ్గాల్సింది పోయి పెరిగింది.

తాళ్లు లాగింది. గొడుగు ఇంకా నెమ్మదించింది. వదిలేసింది. తేలుతూనే ఉంది. "దిగవే! దిగు!" అని అరిచింది. కన్నీళ్లు గాలికి చెవుల్లోకి పోతున్నాయి. కింద అంతమంది పిల్లలు. పైన తను, ఎండుటాకులా.

గొడుగు ముందువైపు పట్టీ పట్టుకుని రెండు చేతులా గుంజింది. జానెడు దిగి, చేతుల్లోంచి జారిపోయింది. గ్లోవ్ చిరిగింది. మళ్లీ పట్టింది. ఈసారి మోచేయి అందులోకి దూర్చి, మోకాళ్లు పైకి ముడుచుకుని, ఉన్న నాలుగు ఎముకల బరువూ దాని మీదే వేసి వేలాడింది. భుజంలో ఏదో పటుక్కుమంది. వదల్లేదు.

గొడుగు ఒక పక్కకి ఒరిగింది. తిరగడం మొదలుపెట్టింది. నేల, ఆకాశం, నేల. చూపు మసకబారింది. మీటర్‌లో అంకెలు దొర్లిపోతున్నాయి.

పట్టీ వదిలేసరికి అర్పిత గొడుగు సరిగ్గా కాళ్ల కింద ఉంది. సమీనా దాని అంచు మీదుగా తాళ్ల మధ్యకి కాళ్లు దూర్చి, ఆ తాళ్లు పట్టుకుని జరజరా జారింది. బూట్లు అర్పిత భుజాల మీద ఆనాయి. రెండు గొడుగులూ ఒకదాని మీద ఒకటి ఊగాయి.

"పిచ్చిదానా! ఇద్దరం చస్తాం!" అరిచింది అర్పిత.

"రిమోట్ ఇవ్వు!"

"ఎవరి కోసం చేస్తున్నావ్ ఇదంతా? ఆ రాజగోపాల్ కోసమా? నేను పరాయిదేశపు జైల్లో ఉన్నప్పుడు మనవాళ్లని అడిగారు, ఈమె మీ మనిషేనా అని. ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు నీ బాసు. ఆర్బిట్ వచ్చి విడిపించుకుంది."

సమీనా ఆమె భుజాల మీద బూట్లు ఇంకా గట్టిగా అదిమింది.

"కింద ఉన్నవాళ్లు నిన్నేం చేశారు? దేవదానం అన్న ఏం చేశాడు?"

"అడక్కూడనిది అడిగాడు," అంది అర్పిత. ఆమె చేతిలో సన్నగా ఏదో మెరిసింది. సూది సమీనా బూటు అట్టలో దిగి అక్కడే విరిగింది. సమీనా నడుము దగ్గరి కత్తి లాగి, వంగి, అర్పిత రొమ్ము మీది డబ్బా పట్టీ తెగ్గోసింది. డబ్బా చేతికొచ్చింది.

అర్పిత తల పైకెత్తి చూసింది. ఆ కళ్లలో కోపం కూడా లేదు, అలసట తప్ప. గొడుగుని తెంచేసే ఎర్ర పిడి లాగేసింది. గొడుగుని సమీనా కాళ్లకే వదిలేసి రాయిలా పడిపోయింది. దూరంగా ఆమె రిజర్వ్ పారాచూట్ తెల్లగా విచ్చుకుంది.

సమీనా రిమోట్ మీట తిప్పింది. ఎర్ర దీపం. సిగ్నల్ లేదు.

రెండు పందిళ్లు, పిట్టంత మనిషి. ఆమె గాల్లో నిలబడిపోయింది. కింద పెట్టె దిగిపోతూనే ఉంది. షామియానాల మీద బొమ్మలు కనిపిస్తున్నాయి. గేట్ల దగ్గర జనం గడ్డకట్టినట్టు ఆగిపోయారు.

"సమీనా, ఇంక టైం లేదు!"

కాళ్లకు చుట్టుకున్న తాళ్లను తన్ని వదిలించుకుంది. రెండో గొడుగు పోయింది. అయినా చాలదు. తన గొడుగు వైపు చూసింది. ఇంతసేపూ తనని ప్రాణాలతో ఉంచింది అదే. ఎర్ర పిడి మీద చేయి వేసి, కళ్లు మూసుకుని లాగేసింది.

గాలి హోరు. నేల మీదికి వస్తోంది. బొటనవేలు మీట మీదే ఉంది. ఎర్రదీపం. ఎర్రదీపం. పెట్టె పక్కనుంచి దూసుకుపోతుండగా, పచ్చదీపం.

మీటని చివరిదాకా తిప్పింది. పెట్టె మీది పారాచూట్ ఒక్క కుదుపుతో కుడికి మళ్లింది. గోడ దాటింది, రోడ్డు దాటింది, మురికితో నురగలు కక్కుతున్న చెరువు వైపు సాగింది. అప్పుడు గానీ సమీనా రిజర్వ్ పిడి లాగలేదు.

అదీ పెద్దదే. కొబ్బరిచెట్ల తలలకు కాస్త పైన విచ్చుకుని, ఆమెను రెండు జబ్బలూ పట్టుకుని ఆపినట్టు ఆపింది. అదే క్షణంలో చెరువు పేలింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. నురగ మంచులా ఎగిరి షామియానాల మీద, పిల్లల తలల మీద కురిసింది. ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

సమీనా పచ్చిక మీద దిగి, కూర్చుండిపోయింది. ఒక భుజం లేవడంలేదు.

"అర్పిత దొరికింది," అన్నాడు రాజగోపాల్. "ఆమెను ఎక్కించుకోవాల్సిన కారు హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూస్తుంటే పట్టుకున్నాం. శభాష్ సమీనా."

"సార్, జైలు సంగతి ఆమె చెప్పింది. నిజమేనా?"

"లైన్ సరిగ్గా లేదు. ఆఫీసుకి రా, మాట్లాడదాం."

లైన్ స్పష్టంగానే ఉంది. సమీనా ఇయర్‌పీస్ తీసి గుప్పిట్లో పెట్టుకుని, దేవదానం కోసం అప్పుడు ఏడ్చింది.

ఎవరో దగ్గరికొచ్చి నిలబడ్డ నీడ పడింది. తలెత్తి చూసింది. క్యాంపస్ సెక్యూరిటీ గార్డు. ఆమె వెనక పరుచుకున్న పారాచూట్‌ని, ఆమె మొహాన్ని, మళ్లీ పారాచూట్‌ని చూశాడు. జాలిపడ్డాడు గానీ డ్యూటీ డ్యూటీయే.

"అదంతా సరే మేడం," అన్నాడు. "విజిటర్ పాస్ యాడ ఉండాది?"