ఆబిడ్స్‌లో ఇరవై రెండు మెట్లు

"పెళ్లికూతురు ఎక్కడ?" అని అడిగింది లేజర్ వేసే డోర్కాస్, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తూ.

రెండువేల ఆరులో ఆబిడ్స్‌లోని ఆ లేజర్ క్లినిక్‌కు వెంట్రుకలు తీయించుకోవడానికి వచ్చేది ఎక్కువగా పెళ్లికూతుళ్లే. లిఫ్టు లేదు. చంక కర్రల మీద ఇరవై రెండు మెట్లెక్కి చెమటలు కక్కుతున్న నాకు ఒళ్లు మండింది. "నేనే," అన్నాను. పాపం, నాలుక కరుచుకుంది.

స్కూటర్ ప్రమాదంలో నా ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలు తొడిగితే లోపల ఒరుసుకుని, వెంట్రుకలు చర్మంలోకే తిరిగి పెరిగి సెగ్గడ్డలు లేచేవి. షేవ్ చేసుకుంటే ఇంకా ఎక్కువ. నాంపల్లి కోర్టు ముందు నా టైపు మిషను దగ్గరికి వారంలో నాలుగు రోజులు కర్రల మీదే పోయేవాణ్ని. వెంట్రుకలే లేకపోతే ఈ బాధ తప్పుతుందని డాక్టరు ఇక్కడికి పంపాడు. నెలకొకటి చొప్పున ఆరు సిట్టింగులు.

ప్రేమంటే కళ్లు కలవాలంటారు. మాకా యోగం లేదు, లేజర్ వేసేంతసేపూ ఇద్దరికీ నల్లద్దాలే. వేశాక రెండు రోజులు కాలు తొడగకూడదు. అందుకే దిగేటప్పుడు నా కర్ర ఒకటి ఆమె చేతిలో, నా చెయ్యి ఆమె భుజం మీద. మాకున్నదల్లా ఆ మెట్లే. ఆమె కూనిరాగం తీసే చర్చి పాటను నేను వెక్కిరించేవాణ్ని. నాకన్నా తాబేలు నయమనేది ఆమె. మెట్టు మెట్టుకీ ఆగేవాళ్లం, నొప్పి వల్ల కాదు.

ఆరో నెల, బయట వాన. కింది మెట్టు మీద డోర్కాస్ ఆగిపోయింది. "సుందర్ గారూ, మా నాయన మెదక్ సంబంధం ఖాయం చేస్తనంటుండు. నన్నేం చెప్పమంటరు?"

నన్ను చేసుకొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కర్రల మీద వేలాడుతూ అడగడానికి నామోషీ. "వచ్చేసారి చెప్త," అన్నాను.

వచ్చేసారి చెకప్ మాత్రమే. ఒక్క కురుపు లేదు. కాలు తొడుక్కుని, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వెళ్లాను. ముందు నా కాళ్ల మీద దిగి చూపించాలి, ఆ తర్వాత అడగాలి. అదీ నా గొప్ప ప్లాను. పై మెట్టు దగ్గర ఆమె ఎప్పటిలాగే చెయ్యి చాచింది.

"వద్దు, నేనే దిగుత," అన్నాను.

గోడ కూడా ముట్టకుండా ఇరవై రెండూ దిగి, నవ్వుతూ వెనక్కి తిరిగాను. పైన ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. తర్వాతి పేషెంటు వచ్చిందేమో, సోమవారం చెప్దాంలే అనుకున్నాను, వెధవని.

సోమవారం ఆమె కుర్చీలో విమల అనే కొత్తమ్మాయి ఉంది. డోర్కాస్ ఉద్యోగం మానేసిందట. నిన్ననే మెదక్‌లో ఉంగరాలు మార్చుకున్నారట. మళ్లీ ఏమన్నా లేచినయా అని అడుగుతూ విమల నా కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి సిట్టింగు కిందా డోర్కాస్ రాత, ఒకటే మాట: "మెట్లు దిగేటప్పుడు పట్టుకోవాలి." ఆఖరి తారీఖు కింద మాత్రం వేరే ఉంది.

"ఇంక నా అవసరం లేదు."

ఆ రోజు గోడ పట్టుకుని దిగాను.