చివరి గదిలో ఊఁ కొట్టిందెవరు?

మా ఆసుపత్రిలో పిల్లల వార్డు చివరి గదికి మంచి పేరు లేదు. తలకు ఆపరేషనయిన పిల్లల్ని అందులోనే పడుకోబెడతారు. రెండు రోజులు బాగానే మాట్లాడతారు — నీళ్ళడుగుతారు, ఇంటికెళదామంటారు. మూడోనాడు లేచేసరికి... గొంతుండదు. అందరికీ కాదు, కొందరికి. కంపాలా అంతా పాకడానికి ఆ కొందరు చాలు. గదిలో ఉన్నదేదో గొంతులు తింటుందని తల్లులు చెప్పుకుంటారు.

నేనక్కడ రికార్డుల గదిలో పదకొండేళ్ళు చేశాను. దెయ్యాల్ని నమ్మను. ఇది రాత్రి డ్యూటీ నర్సు అపియో చెప్పింది చెప్పినట్టు.

అపియోది తూర్పు ప్రాంతం. మా గాండా తెగవాళ్ళ పలకరింపులంటే ఆమెకు వేళాకోళం. మా ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూచునే పలకరిస్తారు. ఎలా ఉన్నారు, ఇంట్లో ఎలా ఉన్నారు అన్నీ అయ్యాక కూడా ఒకరి తర్వాత ఒకరం ఊఁ... ఊఁ... అనుకుంటూ కూచుంటాం. "మీ ఊఁలు అయ్యేసరికి నా డ్యూటీ అయిపోతుందే తల్లీ!" అనేది.

నంతేజకు ఏడేళ్ళు. తల వెనక గడ్డ తీశారు. మూడోనాటి నుంచి మాట లేదు. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తుంది, అంతే. చిన్నమెదడు దగ్గర కోస్తే కొందరు పిల్లలకిలా అవుతుందనీ, వారాల్లోనో నెలల్లోనో మాట తిరిగొస్తుందనీ, ఈలోగా కరెంటు, అదే రేడియేషను, పెట్టించకపోతే మాత్రం గడ్డ మళ్ళీ లేస్తుందనీ డాక్టరు నిలబడే చెప్పి వెళ్ళాడు.

తల్లి జల్వాంగోకు అవేవీ ఎక్కలేదు. పంతొమ్మిది రోజులు "అమ్మా అను... ఒక్కసారి అనవే" అని ఏడ్చింది. ఇరవయ్యోనాడు ఏడుపు మాని బట్టలు సర్దింది.

"నా పిల్ల ఇందులో లేదు సిస్టర్. ఇది ఉత్త ఒళ్ళు. తెల్లారి టాక్సీ వస్తుంది, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతా." పిల్ల మంచం పక్కనే నిలబడి అంది.

"కరెంటు పెట్టించకుండా తీసుకుపోతే చంపుకున్నట్టే."

"పోయినదాన్ని చంపేదేముంది?"

ఆ రాత్రి ఎనిమిదింటికి దీపాలు పోయాయి. అపియో ఫోను వెలుగులో వార్డు చూసుకుంటూ వస్తోంది. జల్వాంగో బయట కుళాయి దగ్గర బట్టలుతుకుతోంది — ఇప్పుడే చూసింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఆరింటికే వెళ్ళిపోయారు. చివరి గదిలో పిల్ల ఒక్కతే ఉండాలి.

తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఊఁ..."

ముసలి గొంతు. నేల మీంచి.

తర్వాత కాస్త పైనుంచి, సన్నగా, గీరుకుపోతూ —

"ఊ...ఊఁ..."

మళ్ళీ కింద నుంచి. మళ్ళీ పైనుంచి. ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు...

 అపియో అరుద్దామంటే నోరు పెగల్లేదు. ఈ గది తన గొంతు కూడా తినేసిందనుకుంది. చెయ్యి మాత్రం ఎలాగో ఎత్తి వెలుగు లోపలికి వేసింది.

నేల మీద మోకాళ్ళ మీద కూచుని ఒక ముసలామె. పక్కన అరిటాకు మూట.

"దీపం మొహాన కొట్టకమ్మా! మసాకా నుంచి ఇప్పుడే దిగాను. గేటువాణ్ణి బతిమాలుకుని లోపలికొచ్చాను. చీకట్లో మంచం మీదెవరో మెదిలితే పలకరించాను. ఎవరోగానీ మర్యాదస్తురాలు, ఊఁకి ఊఁ తప్పలేదు." గొంతు తగ్గించింది. "ఇంతకీ మాట పడిపోయిన నా మనవరాలు ఏ మంచం మీదుంది?"

ఆ గదిలో ఉన్నది ఒకటే మంచం.

అపియో పిలుపుకు జల్వాంగో తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఇరవై రోజుల్లో కూతుర్ని మాట్లాడమని ప్రాణం తీసింది గానీ ఒక్కసారి కూడా పలకరించలేదు. మోకాళ్ళ మీద కూచుని పలకరింపులు మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎంతో సేపటికి... "ఊఁ."

తెల్లారి వచ్చిన టాక్సీ ఖాళీగా వెళ్ళింది.

కరెంటు పెట్టడం అయిపోవచ్చిన రోజుల్లో నంతేజ మొదటిసారి నోరు విప్పింది. ముద్దముద్దగా, ఒక్కో మాటకూ ఆగి ఆగి —

"భూతవైద్యుడి దగ్గరికి... వద్దు."

అంటే అంతా వింటూనే ఉంది.

ఇది విన్నాక నేను పాత ఫైళ్ళు తీశాను. అదే గది. మాట పోయిందని మధ్యలోనే ఇంటికి తీసుకుపోయిన పిల్లలు ముగ్గురు. ముగ్గురి కాగితాల మీదా తల్లులు చెప్పిన కారణం ఒకటే రాసి ఉంది — "లోపల ఎవరూ లేరు."