కళ్ళు దిద్దేవాడు

సెవ్వంది అన్నం పొట్లాన్ని తీసుకెళ్ళి సరిగ్గా చెక్కపలక మీది తడి రంగు మీద పెట్టింది. అసేల మూడు రోజులు కూర్చుని గీసిన తామరపువ్వు కాస్తా అరటాకుకు అంటుకుని లేచి వచ్చింది.

"క్షమించండి," అంది, అతని పాదాల వంక చూస్తూ.

"పాదాలకెందుకు చెప్పడం? పైన ముఖం కూడా ఒకటుంది."

వేళాకోళానికే అన్నాడు. ఆ పిల్ల మాత్రం దెబ్బ తిన్నదానిలా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాతలే ఊరి దగ్గరి ఒక బౌద్ధ విహారంలో కొత్త బుద్ధవిగ్రహానికి కళ్ళు దిద్దడానికి వచ్చాడు అసేల. తాతల నాటి పని. విగ్రహానికి ఎదురుగా నిలబడి కళ్ళు వేయకూడదు. వీపు తిప్పి, అద్దంలో చూస్తూ, భుజం మీదుగా కుంచె ఆడించాలి. తర్వాత, కళ్ళు దిద్దినవాడికి గంతలు కట్టి బయటికి తెస్తారు. గంతలు విప్పాక అతని మొదటి చూపు దేని మీద పడితే దానికి కీడు కనుక నీళ్ళకుండ చూపించి పగలగొడతారు. ఇలాంటివాడు ఎదురైతే తల్లులు పిల్లల్ని పక్కకు లాక్కోవడం అసేల చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఈ పిల్లా అంతేననుకుని, ఆ రోజు నుంచి తనే తల దించుకున్నాడు.

ఇంకేముంది, అన్నం తెచ్చే ఆమె నేల చూస్తుంది, అందుకునే ఇతనూ నేల చూస్తాడు. పనసకూర బాగుందని నేలకే చెబుతాడు. ఉప్పెక్కువైందా అని ఆమె నేలనే అడుగుతుంది. చూసేవాళ్ళకు నవ్వులాటే గాని, ఇద్దరికీ లోపల ఏడుపుగా ఉంది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆమె అరుగు మీదే చిక్కుకుపోయింది.

"నా సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"ఏ సంగతి?"

"తెలియకపోతే నా వైపు చూడటం ఎందుకు మానేశారు?"

"నా చూపంటే నీకు భయమనుకున్నాను."

ఆమె వానకేసి చూస్తూ చెప్పింది. మారుతండ్రి తాగొచ్చి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, కళ్ళలోకి చూసి నిజం చెప్పమని కొట్టేవాడు. ఏ నిజమో అతను ఎప్పుడూ చెప్పలేదు. అతను పోయి ఆరేళ్ళయింది. మేనత్త క్యాండీ ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ వివరించింది: ఎవరైనా కళ్ళలోకి చూస్తే మామూలుగా మెదడు దాన్ని పలకరింపు అనుకుంటుందనీ, సెవ్వంది మెదడు మాత్రం దెబ్బ పడబోతోందని గంట కొట్టేస్తుందనీ, పైగా తప్పు తనదేనన్న సిగ్గు తలను కిందికి వంచేస్తుందనీ. ఇది పొగరూ కాదు, పిచ్చీ కాదని కూడా చెప్పింది.

"అన్నీ తెలుసు. తెలిసినా ఆ గంట ఆగదు," అంది సెవ్వంది.

అసేల తొందరపడ్డాడు. అద్దం తెచ్చి, నా వైపు తిరగక్కర్లేదు, ఇందులో చూడు, బుద్ధుణ్ణే ఇలా చూస్తాను అన్నాడు. ఆమె చూసింది, రెండు క్షణాలు. ఒళ్ళంతా చెమటలు పట్టి, వానలోనే పరుగెత్తింది. మంచి చేయబోయి ఆ పిల్లను మళ్ళీ భయపెట్టానని అతను కుమిలిపోయాడు. వారం రోజులు అన్నం మేనత్తే తెచ్చింది.

విగ్రహం కళ్ళు తెరిపించే పూజ ముగిసింది. మర్నాడు మరో పనికి కురునాగల వెళ్ళాలి. వెళ్ళేముందు అసేల వాళ్ళింటికి పోయి, తమలపాకుల కట్ట మేనత్త ముందు పెట్టి పిల్లనిమ్మని అడిగాడు. ఆవిడ నిట్టూర్చింది.

"ఏం చూసి ఇవ్వమంటావు నాయనా? అది నీ ముఖమైనా చూడలేదు. రేపు సంతలో ఎదురుపడితే నిన్ను గుర్తుపడుతుందా?"

తలుపు వెనక నుంచి సెవ్వంది మాట్లాడింది.

"ఎడమచేతి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది అత్తా. గోళ్ళలో పసుపురంగు ఎంత కడిగినా పోదు. తినేముందు ఒక ముద్ద కాకికి పెడతారు. ఇన్నాళ్ళలో ఆ చేతులు ఒక్కసారి కూడా నా గడ్డం దాకా రాలేదు."

మేనత్త ఇంకేమీ అడగలేదు. తమలపాకులు అందుకుంది.