ఎడ్డి గట్టయ్య

గురువారం పొద్దున సారలమ్మ మోకాలికి మందు రాసుకుంటూ, దవాఖానకు పోయొస్తానని మొగుడితో చెప్పింది. గట్టయ్య చాయ్ గ్లాసు దించకుండానే, పైలంగా పోయి రమ్మన్నాడు.

గనిలో పనిచేసినన్నాళ్లూ తోటివాళ్లు ఆయన్ని భోళా మనిషి అన్నారు. అత్తగారు అమాయకుడంది. తమ్ముళ్లు మంచి చెలక భూములన్నీ తీసుకుని రాళ్ల దిబ్బ ఆయనకిచ్చిన రోజున ఊరంతా ఎడ్డోడంది. సారలమ్మకు తెలిసింది ఒక్కటే, ఏది చెప్పినా నమ్ముతాడు. ఆ ధైర్యంతోనే కొన్ని నెలలుగా ప్రతి గురువారం ఆమె జ్యోతినగర్ బస్సు ఎక్కుతోంది.

అక్కడ కూతురు తిరుమల ఉంది. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు గారి అబ్బాయి వినీత్‌ని ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుంది. తెలంగాణ కోసం గనులన్నీ సమ్మెలో ఉన్న రోజులవి. నలుగురూ నాలుగు మాటలంటుంటే తట్టుకోలేక, ఇక ఆ గడప ఎవరూ తొక్కొద్దని గట్టయ్య వాకిట్లో నిలబడి అన్నాడు. తర్వాత బిడ్డ పేరెత్తలేదు. ఆమె పడుకునే మంచాన్ని మాత్రం ఎవరినీ జరపనివ్వలేదు.

ఆ సాయంత్రం సారలమ్మ తిరిగొచ్చేసరికి కొడుకు రఘుపతి తండ్రి ఎదుట నిలబడి ఉన్నాడు. డ్యూటీ దిగి వస్తూ తల్లిని జ్యోతినగర్‌లో చూశాడట.

"అవ్వ దవాఖానకు పోతలేదు బాపూ. చెల్లె కాడికి పోతున్నది. నిన్ను ఎడ్డోన్ని చేస్తున్నది."

సారలమ్మకు దొరికిపోయినందుకు కాదు, కొడుకు నోట ఆ మాట వచ్చినందుకు గుండె కలుక్కుమంది. తనూ బిడ్డ దగ్గర అదే మాట అని నవ్వింది మరి.

గట్టయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"మొదటి వారమే ఎర్కైంది రా. దవాఖానకు సర్వపిండి ఎవలన్న కట్టుకపోతరా?"

బిడ్డకని తను చేసే ఆ రొట్టెలకు అడగకుండానే ఆయన వారం వారం బియ్యప్పిండి పట్టించుకొచ్చి, పల్లీలు తెచ్చిపెట్టడం సారలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. రఘుపతి తలొంచుకుని లోపలికి పోయాడు.

ఎరుక ఉండి ఎందుకు ఊకున్నావని ఆమె మెల్లగా అడిగింది.

"ఎర్కున్నదంటె ఆపాలె. నలుగుట్ల అన్న మాటాయె. తెల్వనట్లుంటె నువ్వన్న పోతవు." ఆయన తువ్వాల భుజాన వేసుకున్నాడు. "నువ్వు బస్సు దిగొచ్చినంక నీ మొఖం చూస్త. పిల్ల మంచిగున్నదో లేదో దాంట్లనే కనవడ్తది. ఇయ్యాల ఏడ్చిందా?"

సారలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుమలకు ఐదో నెల అని, వేవిళ్లతో చిక్కి సగమైందని చెప్పింది.

"బాపు నన్ను అడుగుతడా అన్నది. రోజూ అడుగుతడని అబద్ధమాడిన."

"ఏమన్నది?"

"నమ్మలే."

గట్టయ్య లేచి, దండెం మీది అంగీ తొడుక్కున్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. చెప్పులేసుకుని వెంట నడిచింది.

దీపాలు పెట్టేవేళకు జ్యోతినగర్‌లో బస్సు దిగారు. తలుపు తీసిన తిరుమల తల్లిని చూసి, ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూసి, ద్వారబంధం పట్టుకుని ఉండిపోయింది. దారి పొడవునా కూడబలుక్కున్న మాటల్లో గట్టయ్యకు ఒక్కటే నోటికొచ్చింది.

"మంచిగున్నవా బిడ్డా?"