గడప దగ్గర పరీక్ష

ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు ముక్కు పరీక్ష జరుగుతుంది.

పాలిష్ మేస్త్రి పాల ప్యాకెట్ తెచ్చి, గడప అవతల చెప్పులు విడిచి, బడిలో గోళ్ళు చూపించే పిల్లాడిలా మొహం ముందుకి చాచాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతని నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా రెండుసార్లు పీల్చింది. "ఊఁ, రండి," అంది. బయటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇంతే. చెత్త పారేసి వచ్చినా సరే.

తాగుడు మాన్పించే కేంద్రం నుంచి అతను ఇంటికొచ్చి నూట పన్నెండు రోజులైంది. వచ్చిన రోజే భార్య ఈ గడప దగ్గరే నిలబెట్టి చెప్పేసింది. "ఇంకొక్కసారి ఆ వాసన వచ్చిందంటే మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతాను. బతిమాలినా రాను." ఊరికే అనే మనిషి కాదావిడ. పెట్టె సర్ది మంచం కింద పెట్టుకుంది. ఊడ్చేటప్పుడల్లా బయటికి లాగి, దుమ్ము తుడిచి, మళ్ళీ లోపలికి తోస్తుంది.

చిక్కల్లా అతని పనితోనే. పాత బల్లలకీ బీరువాలకీ లక్క పాలిష్ పెడతాడు. లక్క కరగాలంటే స్పిరిట్ ఉండాలి. సాయంత్రానికి చొక్కా అంతా అదే కంపు. వేరే పని చూసుకోమని కేంద్రంలో చెప్పారు గానీ, యాభై ఏళ్ళొచ్చాక ఈ చేతులకి ఇంకేం వస్తుందని అతని బాధ. అందుకని తీర్పంతా భార్య ముక్కుకి వదిలేశారు. "ఇది చొక్కాది, ఇది నోటిది" అని ఆవిడ విడదీసి చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు.

మత్తున్నదేదీ కొడుక్కి దొరకకూడదని మేస్త్రి తల్లి తన వంతు జాగ్రత్త తను చేసింది. దగ్గు మందు, సెంటు సీసా, ఎందుకైనా మంచిదని వెనిగర్ కూడా దిండు కింద దాచుకుంది. ఆవిడ అటు తిరిగి పడుకుంటే సీసాలు గలగలమంటాయి.

"అమ్మాయ్, పాలు మాడుతున్నాయే!" హాల్లోంచి ముసలావిడ కేక.

"అయ్యో, చూసుకోలేదత్తయ్యా!"

"చూడ్డమెందుకే! ఇక్కడ నాకే వాసన కొడుతుంటే, పొయ్యి పక్కన నిలబడ్డ నీకు తెలీదూ? ఈ వారంలో ఇది మూడోసారి."

కోడలు గిన్నె తోమడానికి కూర్చుంది.

మధ్యాహ్నం షాపులో పెద్ద భోజనాల బల్ల తిప్పుతుంటే స్పిరిట్ డబ్బా దొర్లి మేస్త్రి మీద పడింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. చొక్కా మార్చుకుందామని ఇంటికొచ్చాడు. అతని ఖర్మ కొద్దీ ఆరోజే భార్య అన్నయ్య, బస్సు కండక్టరు, చెల్లెల్ని చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు.

"ఏంటి బావా, పట్టపగలే!" కండక్టరు కుర్చీలోంచి లేచాడు.

"అయ్యో, ఇది స్పిరిట్ బావా. డబ్బా ఒలికింది."

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ఎంతమందిని బస్సులోంచి దించాను! అందరూ ఏదో ఒలికిందనే అంటారు. ఏదీ, పన్నెండో ఎక్కం చెప్పు."

"అది నాకెప్పుడూ రాదు!"

"నిజమే నాయనా, చిన్నప్పటి నుంచీ రాదు వాడికి," అంది తల్లి.

కండక్టరు వినలేదు. మంచం కింద నుంచి పెట్టె లాగాడు. "పద చెల్లాయ్, ఇచ్చిన అవకాశం అయిపోయింది."

"ఆగు నాయనా, కోడలి ముక్కుంది కదా మనకి! అమ్మాయ్, నువ్వు చూసి చెప్పు."

ఆవిడ దగ్గరికొచ్చి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. మూడోసారి పీల్చి, గడప మీద కూలబడి భోరుమంది.

"తాగాడా?" అన్నాడు అన్న.

"నాకు తెలీదన్నయ్యా! నాకు వాసనలే తెలియట్లేదు. ఆమధ్య జలుబు చేసింది చూడు, దాంతో పాటే పోయింది. ఇరవై మూడు రోజులైంది."

అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"మరి రోజూ పీల్చేదానివి కదే?" అన్నాడు మేస్త్రి.

"పీల్చకపోతే మీకు తెలిసిపోదూ? తెలిస్తే మళ్ళీ మొదలెడతారేమోనని భయం. 'ఊఁ, రండి' అన్నప్పుడల్లా గుండె దడదడలాడేది. ఏమీ తెలీకుండా అంటున్నాను కదా!"

ముసలావిడ కండక్టరు వైపు తిరిగింది. "సర్వీసుందన్నావుగా. నువ్వే చూడు. చొక్కా కాదు, నోరు."

కండక్టరు మొహం చిట్లించుకుని బావ నోటి దగ్గరికి వంగాడు. చాలాసేపు పీల్చాడు.

"ఉల్లిపాయ," అన్నాడు, కాస్త నిరాశగా. పెట్టెని కాలితో మంచం కిందికి తోశాడు.

అంతటితో గొడవ తీరిపోయేదే. మేస్త్రి మాత్రం లోపలికి పోకుండా భార్య పక్కన గడప మీద కూర్చున్నాడు.

"పోయిన మంగళవారం మందు షాపు మెట్లెక్కాను," అన్నాడు.

కండక్టరు మళ్ళీ పెట్టె వైపు చూశాడు.

"రెండో మెట్టు మీద నీ ముక్కు గుర్తొచ్చింది. దిగిపోయాను. ఇంటికొస్తే నువ్వు పీల్చి రమ్మన్నావు. మెట్లెక్కిన సంగతి చెప్పలేదు. దానికి వాసన ఉండదు కదా అనుకున్నాను."

"మంగళవారానికి నా ముక్కు పోయి పదిహేను రోజులు," అంది భార్య, వెక్కుతూనే.

"అదే నేనూ లెక్కేస్తున్నా," అన్నాడు మేస్త్రి. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపు ఆగలేదు. ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ దిండు కింద నుంచి దగ్గు మందూ, సెంటు సీసా తీసి అలమరలో పెట్టింది. కాస్త ఆలోచించి వెనిగర్ మాత్రం దిండు కిందే ఉంచింది.

మర్నాడు సాయంత్రం మేస్త్రి అలవాటు కొద్దీ గడప దగ్గర మొహం చాచి నిలబడ్డాడు. భార్య ఎదురుగా నిలబడింది గానీ ముక్కు పెట్టలేదు.

"పెట్టె అక్కడే ఉంటుంది," అంది. "పరీక్ష మాత్రం మారింది. మీరే చెప్పండి."

"నాలుగింటికి తాగాలని బుద్ధి పుట్టింది. చాలా గట్టిగా పుట్టింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, బల్ల కాలు రుద్దుతూ కూర్చున్నాను. మళ్ళీ ఆరింటికి పుట్టింది. అప్పుడు ఇంటికి బయల్దేరాను."

"ఊఁ, రండి," అంది ఆవిడ. ఈసారి ఆవిడ గుండె దడదడలాడలేదు.