డివైడర్ మీద తెల్ల చొక్కా

మా అక్క పనిచేసే బడి ఎదురుగా, హైవే డివైడర్‌కి ఒక సందు ఉంది. ఈ మధ్య ఆ సందుకి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే గన్నేరు మొక్కల మధ్య తెల్లగా, పొట్టిగా ఏదో నిలబడి ఉంటుందట. కదలదట. తల మాత్రం అటూ ఇటూ తిప్పుతుందట...

లారీవాళ్ళు అక్కడికొచ్చేసరికి హారన్ కొడుతూ, స్పీడు పెంచేసి పోతారు. ఆటోవాళ్ళ సంగతి సరేసరి, ఎంత బతిమాలినా ఆపరు.

మా అక్క ఇవన్నీ నమ్మే రకం కాదు. నేను దెయ్యం మాటెత్తితే, "నిన్ను మించిన దెయ్యం ఎక్కడుందే?" అనేది. చిన్నపిల్లలకి రోడ్డు జాగ్రత్తలు నేర్పే టీచరు. గోడకి చార్టు తగిలించి, నేల మీద సుద్దముక్కతో చారలు గీసి, పిల్లల చేత దాటించేది. తను మాత్రం ఆ హైవే ఏనాడూ దాటి ఎరగదు. తన బస్సు బడి గేటు ముందే ఆగేది మరి.

ఆ రోజు మీటింగు సాగి సాగి ఏడు దాటింది. గేటు ముందు ఆగే బస్సు వెళ్ళిపోయింది. ఇక దొరికేదల్లా చుట్టు తిరిగి వెళ్ళే బస్సు. అది అవతలివైపు ఆగుతుంది.

సగం రోడ్డు ఎలాగో దాటి ఆ సందు దగ్గరే డివైడర్ ఎక్కింది. అంతే — ఇరుక్కుపోయింది.

ముందు లారీలు. వెనక లారీలు. ఒకటి పోయిందనుకునేలోపు ఇంకోటి. ఆ గాలి కొంగుని రోడ్డు మీదికి లాగేస్తుంటే నడుముకి చుట్టేసుకుంది. పట్టుకోవడానికి ఏమీ లేక తన బ్యాగునే వాటేసుకుంది. ముందుకి అడుగేస్తే చావు, వెనక్కి వేసినా చావే. "ఏడుపొచ్చేసిందే నాకు" అని మర్నాడు చెప్పింది. అలా పావుగంట...

అప్పుడు, పక్కనే గుసగుస.

"కుడివైపు... ఎడమవైపు... మళ్ళీ కుడివైపు... ఇప్పుడు కాదు."

అక్క బ్యాగుని ఇంకా గట్టిగా హత్తుకుంది. ఆ మాటలు తనవి. ఆ సాగదీత కూడా తనదే. తను క్లాసులో చెప్పే తీరు, మక్కీకి మక్కీ!

పారిపోదామంటే చోటేదీ?

"ఎ... ఎవరు?"

మొక్కల్లో తెల్లగా ఏదో కదిలింది. చల్లటి వేళ్ళు వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాయి. అక్క చెయ్యి లాక్కోబోయింది. లారీ లైటు పడింది —

రెండు జడలు. తెల్ల చొక్కా. వీపున పుస్తకాల సంచి. తన రెండో తరగతి పిల్ల!

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావే?"

"దాటుతున్నా టీచర్."

"ఎప్పట్నుంచి?"

"బడి వదిలినప్పట్నుంచి."

అక్క చుట్టూ చూసింది. "మిగతావాళ్ళేరీ?"

"వాళ్ళు పరిగెత్తేస్తారు టీచర్. సగం దాకా నన్నూ లాక్కొస్తారు. ఇక్కడ చెయ్యి విడిపించుకుంటా. బండి కనబడకపోతేనే దాటాలన్నారుగా మీరు? ఇంకా కనబడుతూనే ఉన్నాయి... రోజూ అంతే."

"పద, నేనున్నాగా" అని లాగింది అక్క. పిల్ల కదల్లేదు.

"ఇప్పుడు కాదు టీచర్."

పిల్ల చెప్పిందే నిజం. రయ్యిమని లారీ పోయింది.

ఎనిమిదింటికి అవతలివైపు నుంచి ఒకావిడ టార్చి ఊపుతూ, లారీలని నోటికొచ్చినట్టు తిడుతూ వచ్చింది. పిల్ల తల్లి. పని దిగి రోజూ ఇదే వేళకి వచ్చి పిల్లని లాక్కెళ్తుందట. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, ఒక్క ఊపున ఈడ్చుకెళ్ళి అవతల పడేసింది.

"మా టీచరే, అమ్మా!" అంది పిల్ల.

తల్లి మొహం విప్పారింది. అక్క రెండు చేతులూ పట్టేసుకుని, పిల్లకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"దేవుడే పంపాడమ్మా మిమ్మల్ని. మొన్నమొన్నటిదాకా అందరితోపాటు చక్కగా పరిగెత్తేది. ఇప్పుడు ఆ సందులోకి రాగానే బిగుసుకుపోతోంది. నాకు పనిలో చెయ్యాడట్లేదు. ఏదో పట్టింది నా పిల్లని... మీ మాటంటే దానికి ప్రాణం. మీరైనా వదిలించండి టీచరుగారూ."

ఇంటికొచ్చి అక్క అన్నం ముట్టలేదు. ఎంత అడిగినా ఒక్కటే మాట.

"వదిలిస్తే పరిగెడుతుందే..." అని వెక్కి వెక్కి ఏడ్చింది.