సరస్సులోంచి తీసిన పెట్టె

నీళ్ళలో దొరికిన బ్లాక్ బాక్సుని తెరిచేదాకా నీళ్ళలోనే ఉంచాలి. గాలి తగిలితే లోపల తుప్పు మొదలవుతుంది. అందుకే ఆ నారింజ రంగు పెట్టె రెండు రోజులు మా బిష్కెక్ ల్యాబులో బకెట్లోనే ఉంది. సరస్సులో కూలింది మాంసం మోసే విమానం. నీళ్ళ మీద కొవ్వు తెట్టు కట్టింది, గది నిండా గొర్రె కంపు. మూడో రోజు పొద్దున పెట్టె తెరిచి, చిప్ ఆరబెట్టి, గొంతులు బయటికి తీశాను.

ఆ గొంతులు పోల్చడానికి, విమానం నడిపిన కమాండర్ కుబాత్ భార్య నాజిక్ వచ్చింది. తప్పు కమాండర్‌దని తేలితే, ఐదుగురిని చంపినవాడి పిల్లలని ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. ఆమె భయం అదే. రికార్డు వినిపించాను.

"బరువు ఎక్కువ ఎక్కించారు... లేవట్లేదు... లేవట్లేదు!"

తర్వాత పెద్ద చప్పుడు. విమానంలో కరెంటు పోయి రికార్డు అక్కడే ఆగిపోయింది.

"మా ఆయనే," అంది నాజిక్ గుసగుసగా. "ఈ మాట రిపోర్టు కాగితంలో రాస్తావు కదా, బురుల్ అక్కా?"

మా పై అధికారి సతార్ ఆమెని టీకి పంపి తలుపేశాడు.

"ఎక్కించింది పెద్దవాళ్ళ మనుషులమ్మాయ్. ఆ మాట కాగితంలో ఉండకూడదు. పోయినవాడు వచ్చి అడుగుతాడా ఏంటి?"

అసహ్యం వేసింది. అయినా తీసేశాను. కాగితంలోంచే, రికార్డుని ముట్టుకోలేదు. నాకంటే ఆ బకెట్లో నీళ్ళు నయం.

సతార్ మురిసిపోయి ఉడికించిన మాంసం పళ్ళెం తెచ్చిపెట్టాడు. రెండు ముక్కలు తిన్నాను. మెత్తగా ఉంది. మరీ మెత్తగా.

"ఎక్కడిది అన్నా?"

"సరస్సులో తేలింది. మంచు నీళ్ళు కదా, ఏం కాలేదు. బంగారంలాంటి మాంసం, పారేసుకుంటామా?"

పరుగెత్తి సింకులో కక్కాను. ఎంత పుక్కిలించినా నాలుక మీద జిడ్డు వదల్లేదు. ఛీ, నా బతుకు! ఆ మాట మళ్ళీ కాగితంలో పెట్టేద్దామని హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను.

ఇంజిన్ మోత ఉంది. చప్పుడు ఉంది. మధ్యలో ఆ మాట... లేదు.

మూడుసార్లు విన్నాను. లేదు.

మూడోసారి, ఆగాల్సిన చోట రికార్డు ఆగలేదు. నమిలే చప్పుడు... ఎముక చీకే చప్పుడు... చాలా నోళ్ళు. తర్వాత కుబాత్ గొంతు, భోజనమయ్యాక పెద్దలు చెప్పే దీవెన చెప్పింది, నెమ్మదిగా.

"కడుపు నిండా తిన్నారు... సతార్... బురుల్... ఓమిన్."

ఓమిన్ అనగానే మేం రెండు చేతులతో ముఖం తుడుచుకుంటాం. నా చేతులు వాటంతటవే లేచాయి. అద్దాల తలుపు అవతల సతార్ చేతులూ లేచాయి. ఆయనకి హెడ్‌ఫోన్స్ లేవు.

నా చేతులు దిగాయి. ఆయనవి దిగలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి... ఆగకుండా.

వెనక నాజిక్ వచ్చి నిలబడింది.

"అక్కా, ఆ మాట ఇంకొక్కసారి వినిపించవూ?"